వణుకు సున్నా

ప్రభుత్వం ఆ ఏడాదిని స్థిరత్వ సంవత్సరంగా ప్రకటించిందని పేపర్లో చదివినప్పుడు డాక్టర్ హైమవతి పెద్దగా పట్టించుకోలేదు. అంతకు ముందటిది వేగ సంవత్సరం. ఆ ఏడాదంతా ఆఫీసుల్లో ఫైళ్ళు చంకన పెట్టుకుని పరిగెత్తారు, ఎక్కడికి పరిగెత్తాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికి ముందు చిరునవ్వుల సంవత్సరం. పింఛను రాలేదని మొత్తుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళకు కూడా పళ్ళు ఇకిలించి చూపించి పంపేశారు. ఏడాది తిరిగేసరికి ఇలాంటి జబ్బులు వాటంతటవే తగ్గుతాయని హైమవతి అనుభవం మీద నేర్చుకుంది.

ఈసారి ఆవిడ లెక్క తప్పింది. ఆవిడ పనిచేసే రాష్ట్ర కట్టడ పదార్థాల పరిశోధనా సంస్థకు సరిగ్గా ఆ జనవరిలోనే ధర్మాంగదరావు గారు డైరెక్టరుగా వచ్చారు. ఆయన అంతకు ముందు పశుసంవర్ధక శాఖలో, దానికి ముందు గ్రంథాలయాల్లో, మధ్యలో కొన్నాళ్ళు కొబ్బరి పీచు బోర్డులో పనిచేశారు. ఎక్కడ ఉన్నా ప్రభుత్వం మాటను అక్షరాలా అమలు చేస్తారని పేరు. చిరునవ్వుల సంవత్సరంలో గేదెలకు పళ్ళు కనిపించేలా ఫొటోలు తీయించింది ఆయనే.

వచ్చిన వారంలోనే మొదటి ఉత్తర్వు వెలువడింది. సంస్థ ఆవరణలో ఏ వస్తువూ, ఏ వ్యక్తీ, ఏ వ్యక్తి యొక్క ఏ భాగమూ ఊగరాదు, తూలరాదు, వణకరాదు. నోటిమాటలు గాలిలో ఊగుతాయి కాబట్టి ఇకమీదట ఆజ్ఞలన్నీ రాతపూర్వకంగానే ఉండాలి. ఆ దెబ్బకు ఊగే ఫ్యాన్లు దిగిపోయాయి. కిటికీ తెరలకు కింద మేకులు దిగాయి. హాల్లో గోడ గడియారం లోలకాన్ని ఆపేశారు. అది లంచ్ వేళకు కాస్త ముందు ఆగడం వల్ల సిబ్బంది ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు చిక్కు తలకాయలతో వచ్చింది. మన వైపు తల ఊపడంలో ఒక రకం ఉంది. అది అవునూ కాదు, కాదూ కాదు. చూద్దాం, వింటున్నాం, మీరు పెద్దలు, మా ఖర్మ, ఇవన్నీ ఆ ఒక్క ఊపులోనే ఉంటాయి. సంస్థ ముప్పై ఏళ్ళుగా దాని మీదే నడుస్తోంది. ఇప్పుడు అది నిషేధం కావడంతో ప్రతివాడూ నోరు తెరిచి సరేనో కాదో చెప్పాల్సి వచ్చింది. ఎవరు దేనికి ఒప్పుకున్నారో అందరికీ తెలిసిపోయి, నెల తిరక్కుండా ఆఫీసులో సగం స్నేహాలు చెడిపోయాయి.

సూపరింటెండెంట్ కోటిలింగం గారికి మరో కష్టం. ఆయనకు కూర్చుంటే కాలు ఊపడం అలవాటు. ఉత్తర్వుకు భయపడి కాలిని తువ్వాలుతో టేబులు కోడుకు కట్టేసుకున్నారు. అప్పటినుంచి టేబులు ఊగడం మొదలుపెట్టింది. డైరెక్టరు గారు టేబులుకు మెమో ఇచ్చారు.

హైమవతి ఇవన్నీ చూసి నవ్వుకుంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది నూకరత్నం వచ్చిన రోజున.

నూకరత్నం మెట్టపేట అంగన్‌వాడీ టీచరు. నలభై ఏళ్ళ మనిషి, ఎండలో నడిచి వచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి. గుడ్డ సంచీలోంచి అరచేతి వెడల్పు కాంక్రీటు ముక్క తీసి టేబులు మీద పెట్టింది.

"కాంక్రీటు మంచీ చెడ్డా చూసేది మీరేనంటండి మేడం గారూ? ఇది మా ఊళ్ళో కొత్త నీళ్ళ ట్యాంకు కాలు నుంచి ఊడిందండి. గునపం గట్రా ఏం వేయలేదండి, చేత్తో లాగితే వచ్చేసింది. మా బడి ఆ ట్యాంకు పక్కనేనండి. ముప్పైమంది పిల్లలు దాని నీడనే కూచుని పప్పన్నం తింటారండి. ఇంకా నీళ్ళు నింపలేదు, మంత్రి గారొచ్చి నింపుతారంట. నింపితే నిలబడుద్దాండీ?"

హైమవతి గదిలో నీళ్ళ గోళెమంత అయస్కాంతం ఒకటి ఉంది. అది ఏం చేస్తుందని అడిగిన వాళ్ళకు ఆవిడ బొంగరాల కథ చెబుతుంది. నీళ్ళలో హైడ్రోజన్ ఉంటుంది. దాని నడిమధ్యనుండే కేంద్రకం ప్రతిదీ ఒక పిసరంత బొంగరం. అయస్కాంతంలో పెడితే ఆ బొంగరాలు బుద్ధిగా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. రేడియో తరంగంతో ఒక్క తోపు తోస్తే పక్కకు ఒరుగుతాయి. నేలమీద బొంగరం వేగం తగ్గినప్పుడు తల గుండ్రంగా తిప్పుతుందే, అచ్చం అలా తలలు తిప్పడం మొదలుపెడతాయి. తిప్పుతూ తిప్పుతూ సన్నగా ఒక సంకేతం పంపుతాయి. కాంక్రీటు ముక్కను నానబెట్టి అందులో పెడితే, ఇరుకు రంధ్రాల్లో చిక్కుకున్న నీళ్ళు గోడలకు కొట్టుకుని ఇట్టే సద్దుమణుగుతాయి. లోపల పెద్ద పెద్ద సందులుంటే ఆ నీళ్ళకు అడ్డేముంది, చాలాసేపు ఊగుతూనే ఉంటాయి. ఇదంతా రెప్పపాటులో జరిగే వ్యవహారం కాబట్టి, హైమవతి దాన్ని చెవికి అందేలా సాగదీసి ఒక స్పీకరుకు కలిపింది. మంచి కాంక్రీటు టింగుమని ఊరుకుంటుంది. చెడ్డది పెళ్ళిలో అలిగిన మేనత్తలాగ సాగదీస్తూనే ఉంటుంది.

నూకరత్నం తెచ్చిన ముక్క సాగదీసింది. కుయ్యిమని మొదలుపెట్టి, ఆగినట్టే ఆగి, మళ్ళీ అందుకుని మూలిగింది.

"ఇదేంటండీ, ఇంకా ఆగదేటండీ?" అంది నూకరత్నం.

"లోపలంతా ఖాళీలు రత్నం గారూ. సిమెంటు కంటే ఇసుక ఎక్కువ. ఇసుక కంటే ధైర్యం ఎక్కువ."

ఒక్క ముక్కను చూసి ట్యాంకు జాతకం చెప్పకూడదని హైమవతి మిగతా కాళ్ళ ముక్కలు కూడా తెప్పించింది. అన్నీ అదే పాట పాడాయి. నీళ్ళు నింపితే ట్యాంకు నిలవదని ఆవిడకు రూఢి అయింది. ఆ సంగతి నివేదికలో రాసి డైరెక్టరు గారి సంతకానికి పంపింది. మర్నాడు సంతకం రాలేదు గానీ డైరెక్టరు గారే వచ్చారు, వెనకాల కోటిలింగం గారు.

"డాక్టర్ హైమవతి గారూ, ఈ నివేదికలో దీర్ఘకాల కంపనం అని ఒక మాట నా దృష్టికి వచ్చింది. నా సంస్థలో కంపనమా?"

"కంపనం కాంక్రీటులోని నీళ్ళది సార్."

"ఎవరిదైనా, ఈ నాలుగు గోడల మధ్యే కదా జరిగింది? ఎంతమంది?"

"ఎవరు సార్?"

"ఆ బొంగరాలు. సంఖ్యాపరంగా."

"లెక్కపెట్టలేం సార్. ఇంత ముక్కలోనే కోట్లకు కోట్లు ఉంటాయి."

ధర్మాంగదరావు గారి మొహం పాలిపోయింది. మంజూరైన సిబ్బంది వందమంది కూడా లేరు. వాళ్ళను కదలకుండా కూర్చోబెట్టడానికే ఆయనకు ప్రాణం తోకకొస్తోంది. ఇక్కడ లెక్కకు అందనంతమంది, హాజరు పట్టీ కూడా లేకుండా, ప్రభుత్వం కొన్న అయస్కాంతంలో కూర్చుని తలలు తిప్పుతున్నారు.

"వీరిని ఎవరు కంపింపజేస్తున్నారు?"

"నేనే సార్. రేడియో తరంగంతో ఒక్క తోపు తోస్తాను."

"తోయకపోతే?"

"తోయకపోతే కదలవు సార్. కానీ అప్పుడు మనకు ఏమీ..."

"మొదటి వాక్యం చాలు. అనగా, స్వతహాగా స్థిరంగా ఉన్నవారిని మీరే తోసి, ఆపైన ఊగుతున్నారని మీరే నివేదిక రాస్తున్నారన్నమాట. ఇది సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం కాదా?"

కోటిలింగం గారు అలవాటు కొద్దీ తల ఊపబోయి, గడ్డాన్ని చేత్తో పట్టుకుని ఆపుకున్నారు.

"సార్, డాక్టరు మోకాలి మీద సుత్తితో కొట్టి చూస్తాడు కదా," అంది హైమవతి. "కొట్టకుండా ఆ కాలు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"కొట్టడం అనేది ఆ శాఖలో కూడా నిరుత్సాహపరచదగ్గ విషయమే," అన్నారు ధర్మాంగదరావు గారు.

మర్నాటికల్లా కొత్త ఉత్తర్వు దిగింది. దాని పేరు శూన్య కంపన పరీక్షా విధానం. "పరీక్షింపబడు పదార్థమును తోయుట, రెచ్చగొట్టుట, ప్రలోభపెట్టుట పూర్తిగా నిషేధించడమైనది. పదార్థము తనంతట తానుగా కంపించినచో మాత్రమే లోపముగా పరిగణింపవలెను."

మొదటి పరీక్ష డైరెక్టరు గారి సమక్షంలో జరిగింది. ముక్క పెట్టారు, తోయలేదు. స్పీకరు కిక్కురుమనలేదు. తెర మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా ఒక గీత వచ్చింది.

"ఇదీ స్థిరత్వమంటే," అన్నారు డైరెక్టరు గారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"మా బావగారు పోయినప్పుడు ఆసుపత్రిలో ఇలాంటి గీతే వచ్చిందండి," అన్నారు కోటిలింగం గారు మెల్లగా.

"చాలా ప్రశాంతంగా వెళ్ళి ఉంటారు."

అప్పటినుంచి సంస్థకు మహర్దశ పట్టింది. ఒకప్పుడు ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే మొహం తిప్పుకుని పోయే కాంట్రాక్టర్లు ఇప్పుడు పూలదండలతో రావడం మొదలుపెట్టారు. బడి స్లాబులు, కల్వర్టులు, బస్సు షెల్టర్లు, అన్నిటికీ బంగారు అంచు సర్టిఫికెట్లు. ప్రతి దాని మీదా ఒకటే మాట, కంపనం: శూన్యం. జనం దాన్ని వణుకు సున్నా అని తెలుగు చేసుకున్నారు. మా కల్వర్టుకు వణుకు సున్నా వచ్చింది, మీ దానికొచ్చిందా అని పరీక్షల ఫలితాల్లాగ మాట్లాడుకున్నారు. దేశం మొత్తం మీద ఒక్క లోపం కూడా కనిపెట్టని ఏకైక పరిశోధనా సంస్థగా ప్రభుత్వం ప్రత్యేక పతకం ఇచ్చింది.

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. మాటలతో లాభం లేదనుకుని క్యాంటీన్‌లో ఒక మరమరాల ఉండ కొని, నమూనా డబ్బాలో పెట్టి, మిగతా వాటితో కలిపి పరీక్షకు పెట్టింది. సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చింది. కంపనం: శూన్యం. బహుళ అంతస్తుల నిర్మాణానికి యోగ్యం. ఆవిడ ఆ కాగితం ఒక చేత్తో, ఉండ ఒక చేత్తో పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఆయన బల్ల మీదే దాన్ని పటపటా నలిపేసింది.

"దీనితో మేడ కట్టొచ్చన్నారు సార్ మీరు!"

ధర్మాంగదరావు గారు చెదరలేదు. "పరీక్షా సమయంలో నమూనా స్థిరంగానే ఉంది కదా? పరీక్షానంతరం జరిగే నష్టానికి సంస్థ బాధ్యత వహించజాలదు." నాలుగు మరమరాలు ఏరి నోట్లో వేసుకున్నారు. "బెల్లం నాణ్యమైనదే."

ఆ వారంలోనే మెట్టపేట ట్యాంకుకు కూడా వణుకు సున్నా వచ్చింది. హైమవతి సంతకం పెట్టనంది. ఆవిడ సంతకం అవసరం లేకుండా డైరెక్టరు గారే పెట్టారు. ఆవిడ కలెక్టరు గారికి ఉత్తరం రాసింది. కలెక్టరేటులో ఆ ఉత్తరాన్ని శ్రద్ధగా చదివి, సాంకేతిక అభిప్రాయం నిమిత్తం సంస్థ డైరెక్టరుకే పంపారు. ఆయన "స్థిరం" అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. దొంగకే తాళాలిచ్చినట్టయింది.

నూకరత్నం మళ్ళీ వచ్చినప్పుడు హైమవతి ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది. ఇన్నేళ్ళ చదువూ, గోళెమంత అయస్కాంతమూ ముప్పైమంది పిల్లల్ని ఒక ట్యాంకు కింద నుంచి పక్కకు జరపలేకపోయాయి.

"మీ సర్టిఫికెట్టు ట్యాంకు కాలికి కొట్టారండి," అంది నూకరత్నం. "మేకు కొడుతుంటే ఇంకో పెచ్చు ఊడిందండి. శుక్రవారం మంత్రి గారొస్తున్నారంట. ట్యాంకు కింద షామియానా వేసి మా పిల్లల్ని ముందు వరసలో కూచోపెట్టమన్నారు, ఫొటోకి బాగుంటదని. పెద్దోళ్ళ స్టేజీ మాత్రం దూరంగా కొబ్బరితోటలో వేశారండి, అక్కడైతే చల్లగా ఉంటదంట. నేను పిల్లల్ని పంపనంటే నా ఉద్యోగం తీసేస్తామన్నారండి. తీసేసుకోమన్నాను. కానీ నేను పోతే ఇంకొకత్తి వచ్చి కూచోపెడద్ది కదండీ."

హైమవతి తలెత్తింది. "స్టేజీ ఎక్కడ వేశారన్నారు?"

"కొబ్బరితోటలోనండి. అటేపు."

"ఓహో," అంది హైమవతి. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో మళ్ళీ నవ్వు కనిపించింది. అది మంచి నవ్వు కాదు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఒక ప్రతిపాదన రాసింది. ధర్మాంగదరావు గారి భాషలోనే రాసింది. "స్థిరత్వ సంవత్సర స్ఫూర్తికి అనుగుణంగా, సంస్థచే ధ్రువీకరింపబడిన మెట్టపేట నీటి ట్యాంకు నిండుచున్నంతసేపు, స్థిరత్వమునకు సజీవ నిదర్శనముగా, డైరెక్టరు గారు ట్యాంకు క్రింద సింహాసనము వంటి కుర్చీలో ఏకాకిగా, నిశ్చలముగా ఆసీనులగుట. ఇతరులెవ్వరూ, ప్రత్యేకించి కుదురులేని బాలబాలికలు, ఆ పరిసరములలో ఉండరాదు." స్థిరత్వం అనే మాట మూడుసార్లు కనిపిస్తే కోటిలింగం గారు చదవకుండానే పైకి పంపుతారు. ఇందులో రెండుసార్లే వచ్చిందని, ఆవిడ శీర్షికలో మరో రెండుసార్లు వాడింది. కాగితం తిన్నగా మంత్రిగారి పేషీకి వెళ్ళింది. మంత్రిగారికి తెగ నచ్చేసింది. మర్నాడు పొద్దున్నే పేపర్లో వార్త పడింది.

ధర్మాంగదరావు గారు పేపరు ముందేసుకుని మురిసిపోతూ హైమవతిని పిలిపించారు. "సింహాసనం అన్న పదం ఔచిత్యంగా ఉంది. ఛత్రం కూడా ఉండాలంటారా?"

"పైన ట్యాంకు ఉంటుంది కదా సార్."

"అవునవును." టీ కప్పు అందుకున్నారు. "అందులో ఎంత నీరు పడుతుంది?"

"లక్ష లీటర్లు సార్."

"లక్ష. అదంతా..."

"మీ పైనే సార్."

"ఇబ్బందేమీ..."

"ఇబ్బందేముంది సార్? వణుకు సున్నా. మీరే సంతకం పెట్టారు."

గదిలో ఎక్కడో చిన్నగా టకటకమని చప్పుడు మొదలైంది. ఏమిటా అని కోటిలింగం గారు గడియారం వైపు చూశారు, టేబులు వైపు చూశారు, తన కాలు వైపు చూసుకున్నారు. చివరికి డైరెక్టరు గారి చేతిలో కప్పూ సాసరూ కనిపించాయి. శూన్య కంపన విధానం వచ్చాక సంస్థ ఆవరణలో కనిపించిన మొదటి కంపనం అదే. నమోదు చేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

లంచ్ వేళ అందరూ క్యాంటీన్‌లో ఉండగా ధర్మాంగదరావు గారు పెరటి తలుపు గుండా ఒక్కరే హైమవతి గదికి వచ్చారు.

"అమ్మా, ఆ మెట్టపేట ముక్కలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"ఒక్కసారి, ఆ తోపు ఏదో అన్నారే, అది తోసి చూద్దామా?"

"అయ్యో, నిషేధం సార్. తోయుట, రెచ్చగొట్టుట, ప్రలోభపెట్టుట."

"నేను చెబుతున్నాను కదా."

"నోటిమాటలు గాలిలో ఊగుతాయి సార్. ఆజ్ఞలన్నీ రాతపూర్వకంగానే ఉండాలని మీ ఉత్తర్వే."

ఆయన కాసేపు అయస్కాంతం వైపు, కాసేపు తలుపు వైపు చూశారు. తర్వాత జేబులోంచి కలం తీసి, నమూనాల బల్ల మీదే వంగి రాశారు. "డైరెక్టరు ఆసీనులు కాబోవు కట్టడముల విషయమున మాత్రము, ప్రత్యేక ప్రాతిపదికన, నమూనాను తోసి పరీక్షింపవచ్చును." సంతకం పెట్టి, కింద పొడి అక్షరాలు వేశారు. హైమవతి ఆ కాగితాన్ని ఆరనిచ్చి, మడిచి, సొరుగులో పెట్టి తాళం వేసింది. అప్పుడు మీట నొక్కింది.

కుయ్యిమని మొదలైంది. ధర్మాంగదరావు గారు ఆగుతుందని చూశారు. అది ఆగినట్టే ఆగి మళ్ళీ అందుకుంది. తెర మీద గీత అలలు అలలుగా పోతూనే ఉంది. ఆయన తల తెలియకుండానే దానితోపాటు ఊగడం మొదలుపెట్టింది.

"ఆపండమ్మా."

"నేను ఆపలేను సార్. అదే ఆగాలి."

"ఇంకా ఎంతసేపు?"

"లోపల ఎంత ఖాళీ ఉంటే అంతసేపు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నుదుటి చెమట తుడుచుకుంటూ, "నాకు ఇద్దరు మనవరాళ్ళమ్మా," అన్నారు. ఆ ఒక్క మాటలో ఆఫీసు భాష లేదు.

"అక్కడ ముప్పైమంది పిల్లలు సార్," అంది హైమవతి. "వాళ్ళకూ తాతలున్నారు."

చప్పుడు ఎట్టకేలకు ఆగింది. ఆగిన తర్వాత కూడా ఇద్దరికీ అది వినిపిస్తున్నట్టే ఉంది.

మర్నాడు వెలువడిన ప్రకటన సంస్థ చరిత్రలోనే ఒక కళాఖండం. "మెట్టపేట నీటి ట్యాంకు పరిపూర్ణ స్థిరత్వమును సాధించియున్నందున, దానిలో నీరు నింపి ఆ స్థిరత్వమునకు భంగము కలిగించరాదని నిర్ణయించడమైనది. బాలబాలికల అల్లరి సోకి ట్యాంకు ఏకాగ్రత చెదరకుండుటకై అంగన్‌వాడీ కేంద్రమును తక్షణమే వేరొక చోటికి తరలించవలెను." మంత్రిగారు దూరం నుంచే ఖాళీ ట్యాంకుకు నమస్కారం చేసి, కొబ్బరితోటలో కొబ్బరి నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. పిల్లలు ఆ రోజే పాత చావడిలోకి మారారు. తర్వాత కొన్నాళ్ళకు ట్యాంకుకు సేవాకాలం ముగిసినట్టు భావించి గౌరవంగా పదవీ విరమణ చేయించారు. దాన్ని కూల్చడానికి వచ్చిన యంత్రం ఒక్క కాలును ఇలా తాకిందో లేదో, మొత్తం దానంతటదే కూలింది.

నూకరత్నం ఆ వార్త మోసుకుని హైమవతి దగ్గరకు వచ్చింది. అరటిపళ్ళు తెచ్చింది. కానీ ఆవిడ మొహంలో పూర్తి సంతోషం లేదు.

"మా పిల్లల గండం గట్టెక్కిందండి, మీ పుణ్యమా అని. మరి మిగతా ఊళ్ళ సంగతేంటండీ? మా చెల్లెలు ఊళ్ళో బడి స్లాబుకి కూడా వణుకు సున్నాయేనంటండి."

హైమవతి సొరుగు తాళం తీసింది. కాగితం విప్పి మరోసారి చదువుకుంది. డైరెక్టరు ఆసీనులు కాబోవు కట్టడముల విషయమున. ఎప్పుడు ఆసీనులవుతారో అందులో లేదు. అసలు అవుతారో లేదో కూడా లేదు. కాబోవు అని మాత్రమే ఉంది.

"మీ చెల్లెలి ఊరి బళ్ళో ఒక కుర్చీ ఉంటుందా?" అని అడిగింది.

నెల తిరక్కుండా జిల్లా మొత్తం కుర్చీలు వెలిశాయి. బళ్ళల్లో, బస్సు షెల్టర్లలో, కల్వర్టుల కింద, ఆసుపత్రి వరండాల్లో ఒక్కొక్క కుర్చీ. వీపు మీద రంగుతో "డైరెక్టరు గారి కోసం" అని రాసి ఉండేది. కుర్చీ వేసిన ప్రతి ఊరినుంచీ సంస్థకు ఒక కాంక్రీటు ముక్క, ఒక వినతిపత్రం వచ్చేవి. మా కట్టడంలో తమరి ఆసనం సిద్ధంగా ఉంది, ప్రత్యేక ప్రాతిపదికన పరీక్షించ ప్రార్థన. హైమవతి ప్రతి ముక్కనూ నానబెట్టింది, తోసింది, వింది. టింగుమన్నవి టింగుమన్నాయి. మూలిగిన వాటి పేర్లు మూలిగినట్టే బయటకు వెళ్ళాయి. బంగారు అంచు సర్టిఫికెట్లు ఇచ్చిన కట్టడాలు ఒక్కొక్కటే, అతి స్థిరత్వం కారణంగా, మూతపడ్డాయి, వాటిని మళ్ళీ కట్టడం మొదలైంది. పూలదండల కాంట్రాక్టర్లు మళ్ళీ మొహం తిప్పుకుని పోసాగారు.

ఆ ఉత్తర్వును రద్దు చేద్దామని ధర్మాంగదరావు గారు రెండుమూడుసార్లు కలం తీశారు. రద్దు చేస్తే, రేపు ఎవరైనా ఏ కట్టడం కిందైనా నిజంగా కూర్చోమంటే తన నెత్తి మీద ఏముందో తనకే తెలియదు. ప్రతిసారీ కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. కోటిలింగం గారు మాత్రం కాలికి కట్టిన తువ్వాలు విప్పేశారు. ఆయన ఎదురుగా డైరెక్టరు గారి కాలు కూడా ఊగుతోందని సిబ్బంది చెవులు కొరుక్కునేవారు.

వేసవిలో మెట్టపేటలో కొత్త అంగన్‌వాడీకి పునాది పడింది. హైమవతి చూడడానికి వెళ్ళేసరికి ఇంకా గోడలు కూడా లేవలేదు గానీ, ఇసుక కుప్ప పక్కన ఎర్ర రంగు వేసిన కుర్చీ ఒకటి మాత్రం కనిపించింది. నూకరత్నం దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పిల్లలెవరినీ దాని దరిదాపులకు రానివ్వడం లేదు.

తాపీమేస్త్రి సిమెంటు కలుపుతూ అడిగాడు. "ఏవమ్మా టీచరు గారూ, ఇల్లు లేవకముందే కుర్చీ ఏటి? ఎవురు కూకుంటారేటి ఇందులో?"

"ఎవరూ కూకోరు," అంది నూకరత్నం. "కూకుంటే కూకోవచ్చు, అంతే. పెద్ద ఆఫీసరు. ఆయన కూకునే ఇల్లయితే కాంక్రీటుని తోసి మరీ చూస్తారంట."

మేస్త్రి పార ఆపాడు. కుర్చీ వైపు ఒకసారి, కలిపిన మాలు వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఏమీ అనకుండా లేచి వెళ్ళి, ఇంకో సిమెంటు బస్తా విప్పుకొచ్చి అందులో కుమ్మరించాడు.